చిన్న గని కంపెనీల షేర్లు, డెల్టా మదుపరులు: ఒక నేపథ్యం

దేశంలో 2020 మార్చి నాటికి నాలుగు కోట్ల చిల్లర ఉన్న డీమ్యాట్ ఖాతాలు (షేర్లను కాగితం లేకుండా దాచుకునే ఖాతాలు) 2024 మార్చి నాటికి 15 కోట్లు దాటాయి. భీమవరం, తణుకు, అమలాపురం, కాకినాడ వంటి గోదావరి డెల్టా పట్టణాల్లో కూడా వరి, రొయ్య, కొబ్బరి మీద మిగిలిన డబ్బులో కొంత ఇప్పుడు పొలానికీ బంగారానికీ బదులు షేర్లలోకి వెళ్తోంది. 2023 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం 30 కీలక ఖనిజాల జాబితాను ప్రకటించిన తర్వాత లిథియం, రాగి, బంగారం పేర్లు చెప్పుకునే చిన్న గని కంపెనీల షేర్ల గురించి వాట్సాప్ సలహాలు జోరందుకున్నాయి. పొలం కొనేటప్పుడు అడంగల్, లింకు డాక్యుమెంట్లు, కాలువ నీరు, బండి దారి అన్నీ చూసుకునే మనిషి, గని కంపెనీ షేరు దగ్గరికి వచ్చేసరికి "భూమిలో సరుకు ఎంత ఉంది" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటున్నాడు. గత అర్ధ శతాబ్దపు ఉదంతాలను చూస్తే, సరుకు లేకపోవడం కంటే అనుమతి దక్కకపోవడం, దక్కిన అనుమతి పోవడం, మధ్యలో డబ్బు అయిపోవడం వంటి కారణాలే మదుపరిని ఎక్కువగా దెబ్బతీసినట్టు కనిపిస్తుంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తర్వాత ఈ ప్రాంతంలో మిగులు పుట్టింది. ఆ మిగులు రైసు మిల్లులకూ, సినిమాలకూ, హైదరాబాదు స్థలాలకూ వెళ్లిన సంగతి అందరికీ తెలిసినదే. షేర్ల వైపు పెద్ద ఎత్తున మళ్లింది మాత్రం 1992 తర్వాత. 1947 నాటి మూలధన జారీ నియంత్రణ చట్టం ఆ ఏడాది రద్దు కావడంతో, పబ్లిక్ ఇష్యూ ధరను నిర్ణయించే అధికారం ప్రభుత్వం చేతి నుంచి కంపెనీల చేతికి వచ్చింది. 1994, 1995, 1996 సంవత్సరాల్లో ఇష్యూలు వరదలా వచ్చాయి. వాటిలో తెలుగువారికి బాగా దగ్గరగా అనిపించినవి రెండు రకాలు: ఎగుమతి కోసం గ్రానైటు తవ్వుతామన్న కంపెనీలు, తీరంలో రొయ్యల చెరువులు తవ్విస్తామన్న కంపెనీలు.

రొయ్యల కంపెనీల కథను ఇక్కడ కొంచెం నిలిచి చూడాలి, ఎందుకంటే గనులకు వర్తించే పాఠం డెల్టాలో ముందుగా చెరువు గట్టు మీదే నేర్చుకోవలసి వచ్చింది. 1994–95లో తెల్లమచ్చ తెగులు ఆంధ్ర తీరంలోని చెరువులను తుడిచిపెట్టింది. తట్టుకుని నిలబడిన కంపెనీలపై 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు పడింది; సంప్రదాయ పద్ధతులను మినహాయించి, తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) పరిధిలో ఉన్న రొయ్యల చెరువులను తొలగించాలని ఆ తీర్పు ఆదేశించింది. నీరు, నేల, రొయ్యకు గిరాకీ అన్నీ ఉన్నచోటే వ్యాపారానికి చట్టపరమైన ఆధారం లేకుండా పోయింది. ఆ దశాబ్దంలో డబ్బు వసూలు చేసుకుని చిరునామాకు కూడా దొరకని కంపెనీలు రెండు వందలకు పైగా ఉన్నట్టు ప్రభుత్వమే తర్వాత గుర్తించింది. 1943లో పుట్టిన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజీ 2007లో గుర్తింపు కోల్పోయింది. కాగితం షేర్ల బదిలీని 2019 ఏప్రిల్ నుంచి నిలిపివేశారు. అప్పట్లో కొన్న సర్టిఫికెట్లు పెళ్లి శుభలేఖల పక్కన, బీరువా అరల్లో ఇప్పటికీ ఉన్న ఇళ్లు ఈ జిల్లాల్లో తక్కువేమీ కాదు.

గని షేర్ల మోజు మాత్రం మనతో మొదలవలేదు. ఆస్ట్రేలియాలో పొసైడన్ అనే చిన్న కంపెనీకి 1969లో నికెల్ దొరికిందన్న వార్తతో, డాలరు లోపు ఉన్న షేరు 1970 ఫిబ్రవరికి 280 డాలర్లు తాకింది. 1976 నాటికి కంపెనీ రిసీవర్ల (అప్పులు తీర్చడానికి ఆస్తులను స్వాధీనం చేసుకునేవారి) చేతికి వెళ్లింది. అక్కడ నికెల్ నిజంగానే ఉంది, కాని అనుకున్నంత నాణ్యమైనది కాదు. కెనడాకు చెందిన బ్రీ-ఎక్స్ సంగతి వేరు. ఇండొనేషియాలోని బుసాంగ్‌లో తీసిన రాతి నమూనాల్లో బయటి బంగారాన్ని కలిపి, సుమారు 600 కోట్ల కెనడా డాలర్ల మార్కెట్ విలువ దాకా కథ నడిపించారు. 1997లో స్వతంత్ర పరీక్షలు జరిగేసరికి అది కుప్పకూలింది. ఈ రెండు దెబ్బల నుంచే ఆస్ట్రేలియాలో 1989 నాటి జోర్క్ నియమావళి, కెనడాలో 2001 నాటి 43-101 నిబంధన పుట్టాయి. అర్హత ఉన్న నిపుణుడు సంతకం చేయనిదే ఖనిజ నిల్వల అంకెలు బయటపెట్టకూడదన్నది వాటి సారాంశం. అవి అబద్ధాన్ని కష్టతరం చేశాయి. రాతి కింద ఉన్నదాన్ని లాభసాటిగా మార్చే బాధ్యత వాటిది కాదు.

ఉన్న సరుకుకూ తీయగల సరుకుకూ మధ్య దూరాన్ని తెలుసుకోవడానికి డెల్టావాసులు ఆస్ట్రేలియాలోని పెర్త్ దాకా వెళ్లనక్కర్లేదు. కాకినాడ, యానాం ఎదుట సముద్రంలో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాసు దొరికిందని 2005 జూన్‌లో గుజరాత్ స్టేట్ పెట్రోలియం కార్పొరేషన్ తరఫున ప్రకటన వెలువడింది. తీవ్రమైన ఒత్తిడి, వేడి, గ్యాసును సులభంగా వదలని బిగువైన రాయి కలిసి ఆ అంకెను కాగితానికే పరిమితం చేశాయి. వేల కోట్ల అప్పు మిగిలిన ఆ సంస్థ 2017లో తన 80 శాతం వాటాను సుమారు 120 కోట్ల డాలర్లకు ఓఎన్జీసీకి అప్పగించింది. తాళ్లరేవు మండలం మల్లవరంలో నిర్మించిన గ్యాసు టెర్మినల్ ఆ ఆశలకు తగ్గ పరిమాణంలో వేసుకున్నదే. ప్రభుత్వ సంస్థ కాబట్టి ఆ నష్టాన్ని భరించింది; అదే బరువు చిన్న ప్రైవేటు కంపెనీపై పడి ఉంటే వాటాదారులకు ఏం మిగిలేదో ఊహించుకోవచ్చు.

2023 ఫిబ్రవరిలో జమ్మూకశ్మీరులోని రియాసీ గురించి వచ్చిన 59 లక్షల టన్నుల లిథియం వార్త కూడా ఇదే కోవలోది. ఆ అంకె అంచనా వనరుల స్థాయికి చెందినది, అంటే తవ్వి తీయగలమని తేలిన నిల్వ కాదు. మన ఖనిజ నిబంధనల ప్రకారం అన్వేషణకు జీ4 నుంచి జీ1 వరకు నాలుగు మెట్లు ఉన్నాయి. జీ1 అంటే సవివర అన్వేషణ. రియాసీ అప్పటికి జీ3 దగ్గర ఉంది. ఆ బ్లాకును వేలానికి పెడితే తగినన్ని బిడ్లు రాక 2024లో వేలం రద్దయింది.

కంపెనీల ప్రకటనల్లో కనిపించే "టన్నుకు 4 గ్రాములు" వంటి మాటలను కూడా ఇదే దృష్టితో చదవాలి. టన్ను అంటే 75 కిలోల ధాన్యం బస్తాలు పదమూడింటికి పైచిలుకు బరువు. అంత రాయిని తవ్వి, పిండి చేసి, రసాయనాలతో కడిగితే అందులో ఉన్నది అరకాసు బంగారం. అది కూడా పూర్తిగా చేతికి రాదు. పైగా బోరు ఏటవాలుగా దిగి ఉంటే, ప్రకటనలో రాసిన పొడవు కంటే ఖనిజపు పొర అసలు మందం తక్కువగా ఉంటుంది. ఎన్ని బోర్లు వేశారు, వాటిలో ఎన్ని ఖాళీగా వచ్చాయి అన్న వివరం లేని ప్రకటనను ప్రచారంగానే లెక్కించాలి.

ఇక భారతదేశంలో చిన్న అన్వేషణ కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత తక్కువగా ఉండటానికి కారణం చట్టంలో ఉంది. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం వచ్చాక కూడా బంగారం, రాగి, వజ్రాల వంటివి చాలాకాలం ప్రభుత్వ రంగానికే ఉండేవి. 1993 విధానంతో ప్రైవేటుకు తలుపు తెరుచుకుంది. వెతికి కనిపెట్టినవారికే లీజులో మొదటి హక్కు అన్న పద్ధతి అప్పుడు నడిచేది. 2015 సవరణ దాని స్థానంలో వేలాన్ని తెచ్చి, అప్పటికే అన్వేషణలో ఉన్నవారి హక్కును మాత్రం కాపాడింది. లీజు ఇంకా అందని అలాంటి హక్కులు కూడా 2021 సవరణతో రద్దయ్యాయి. పెట్టిన ఖర్చు తిరిగి ఇస్తామన్నారు. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన డెక్కన్ గోల్డ్ మైన్స్ అనుబంధ సంస్థ కర్ణాటకలోని గనజూరులో ఏళ్ల తరబడి అన్వేషణ జరిపి లీజుకు దరఖాస్తు చేసుకున్నది ఈ మారుతున్న చట్టాల నీడలోనే. అన్వేషణకు పెట్టిన ఖర్చు వెనక్కి వచ్చినా, పదేళ్లు ఎదురుచూసిన వాటాదారుడి కాలానికి వెల కట్టేవారు లేరు.

లీజు చేతిలో ఉన్నా నిశ్చింత లేదు. 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక్క ఉత్తర్వుతో 204 బొగ్గు బ్లాకుల కేటాయింపును రద్దు చేసింది. 2018 ఫిబ్రవరిలో గోవాలో 88 ఇనుప ఖనిజం లీజుల రెన్యువల్ చెల్లదంది. డెల్టా తీరానికే వస్తే, కాకినాడ, నరసాపురం వైపు ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్, జిర్కాన్, మోనజైట్ ఉన్నాయన్నది పాత సంగతి. 2019 ఫిబ్రవరిలో మోనజైట్ పరిమితిని సున్నాగా నిర్ణయించడంతో, అంటే అణు ఖనిజమైన అది ఇసుకలో ఏమాత్రం ఉన్నా ప్రైవేటుకు ఇవ్వకూడదనడంతో, ఆ తవ్వకం ప్రభుత్వ సంస్థలకే పరిమితమైంది. అప్పటిదాకా "మన బీచ్ శాండ్" పేరుతో తిరిగిన ఊహాగానాలన్నీ ఆ ఒక్క నోటిఫికేషన్‌తో విలువ కోల్పోయాయి. 2024 జులై 25న తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ధర్మాసనం రాయల్టీ (తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే సొమ్ము) పన్ను కాదని, ఖనిజ హక్కులపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని తేల్చింది. 2005 ఏప్రిల్ నుంచి ఉన్న బకాయిలను 2026 ఏప్రిల్ మొదలుకొని పన్నెండేళ్లలో వసూలు చేసుకోవచ్చని ఆగస్టులో చెప్పింది. పాత గనులున్న కంపెనీ లాభనష్టాల ఖాతాలో ఈ బాకీకి ఎంత కేటాయించారో చూడకుండా ఆ షేరు చవకగా ఉందని అనుకోవడానికి వీల్లేదు.

డబ్బు విషయానికి వస్తే, అన్వేషణ కంపెనీకి అమ్మడానికి సరుకు ఉండదు కాబట్టి అది అమ్మేది తన షేర్లనే. పది కోట్ల షేర్లున్న కంపెనీ రైట్స్ (పాత వాటాదారులకు కొత్త షేర్లు), ప్రిఫరెన్షియల్ కేటాయింపు (ఎంచుకున్నవారికి షేర్లు), వారంట్ల (ముందే ఖరారైన ధరకు తర్వాత షేర్లు కొనే హక్కు) ద్వారా పాతిక కోట్ల షేర్లకు చేరితే, గని అనుకున్నట్టే పనిచేసినా కొత్త షేర్లు కొనని తొలినాటి వాటాదారుడి భాగం మొదటి దానిలో 40 శాతానికి కుంగుతుంది. ప్రమోటర్లు తక్కువ ధరకు వారంట్లు తీసుకుని ఆ తర్వాత శుభవార్తలు ప్రకటించడం చూస్తే జాగ్రత్తపడాలి. 2012లో మొదలైన ఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా కంపెనీల) వేదికల్లోని షేర్లను లాట్ల (నిర్ణీత సంఖ్యలో షేర్లున్న కట్టల) లెక్కనే కొనాలి, అమ్మాలి; 2025లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వాటి పబ్లిక్ ఇష్యూల్లో కనీస దరఖాస్తును రెండు లక్షల రూపాయలకు పైగా పెంచింది. రోజూ లోయర్ సర్క్యూట్ (ఒక రోజులో ధర పడగల కింది హద్దు) తగిలే షేరుకు స్క్రీన్ మీద ధర ఉంటుంది గాని కొనేవాడు ఉండడు.

విదేశాల్లో ఉన్న పిల్లల ద్వారానో, ఏటా రెండున్నర లక్షల డాలర్ల వరకు అనుమతించే ఆర్‌బీఐ పథకం కిందనో ఆస్ట్రేలియా చిన్న గని షేర్లు కొంటున్న కుటుంబాలు కూడా డెల్టాలో ఉన్నాయి. 2022లో ఎగిసిన లిథియం ధర ఆ తర్వాతి రెండేళ్లలో పడిపోయినప్పుడు ఆ షేర్లు ఎలా వాలాయో వారికి తెలుసు. అయితే అక్కడ గని అన్వేషణ కంపెనీ ప్రతి మూడు నెలలకూ 5బి అనే నమూనాలో నగదు నివేదిక దాఖలు చేయాలి. ఇప్పుడు చేతిలో ఉన్న డబ్బు ఇదే వేగంతో ఖర్చయితే ఇంకా ఎన్ని త్రైమాసికాలు వస్తుందో అందులో ఒక అంకెగా ఉంటుంది. మన ఎస్ఎంఈ కంపెనీలు ఫలితాలను ఆరు నెలలకోసారి ప్రకటిస్తాయి. ఆ అంకెను మదుపరి నగదు ప్రవాహ పట్టికలో నుంచి తానే లెక్కవేసుకోవాలి.