వంతెన వణుకులో వాతావరణం ఎంత?

కట్టడంలో బీటలు పడితే బిగువు తగ్గుతుంది. బిగువు తగ్గితే అది సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందనే లెక్క) కూడా పడిపోతుంది. ఈ నమ్మకంతోనే 1970లలో సముద్రంలోని చమురు ప్లాట్‌ఫారాలను సెన్సార్లతో గమనించడం మొదలైంది. ట్యాంకుల్లో మట్టం మారినా, కాళ్లకు గుల్లలు పట్టినా లెక్క తప్పేది. తర్వాత దృష్టి వంతెనల మీదికి మళ్లింది. 1993లో అమెరికాలోని అల్బకర్కీలో ఐ-40 హైవే వంతెన గర్డర్‌ను, అంటే కింద బరువు మోసే దూలాన్ని, కావాలనే కోశారు. మొదటి కోతలకు ఫ్రీక్వెన్సీ తగ్గలేదు సరికదా, కొంచెం పెరిగింది!

ఇలాంటి మార్పుల్లో వాతావరణం వాటా ఎంతో తేల్చింది స్విట్జర్లాండ్‌లోని జడ్24 వంతెన. 1960లలో బెర్న్-జ్యూరిక్ హైవేను దాటేలా కట్టిన ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు (లోపల ఉక్కు కేబుళ్లను లాగి బిగించిన కాంక్రీటు) వంతెన అది. పక్కన కొత్త రైలుమార్గం వస్తోందని దాన్ని కూల్చాలనుకున్నారు. ఎలాగూ కూల్చేదే కదా అని 1997 నవంబరు నుంచి సుమారు పది నెలలు వాతావరణంతో పాటు కంపనాలనూ రికార్డు చేశారు. ఆఖర్లో ఒక స్తంభాన్ని మిల్లీమీటర్ల లెక్కన దించారు, 95 మి.మీ. దాకా. కాంక్రీటు పెచ్చులు ఊడగొట్టారు, లోపలి కేబుళ్లు తెంపారు. వంతెన ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీల్లో ఊగుతుంది; ఇంత చేసినా వాటిలో మొదటిది, అంటే అన్నిటికన్నా తక్కువది, తగ్గింది పది శాతం లోపే. అంతకుముందు, ఏ దెబ్బా తగలని నెలల్లో, మొదటి నాలుగు ఫ్రీక్వెన్సీలు 14 నుంచి 18 శాతం దాకా మారాయి.

ఈ మార్పులో పెద్ద వాటా రోడ్డు మీది తారుది. తారును వంతెన మోసే బరువుగానే చూస్తాం కానీ, సున్నా డిగ్రీల కింద అది గట్టిపడి డెక్‌తో (వాహనాలు నడిచే పై పలకతో) కలిసి పనిచేస్తుంది. అందుకే ఉష్ణోగ్రతకు, ఫ్రీక్వెన్సీకి మధ్య గీసిన గీత సున్నా దగ్గర ఒక్కసారిగా వంగి, చలి పెరిగేకొద్దీ ఫ్రీక్వెన్సీ నిటారుగా ఎక్కింది.

ఆ డేటా మీద ఇప్పటికీ కొత్త పద్ధతులను పరీక్షిస్తారు. ఉష్ణోగ్రత ప్రభావాన్ని లెక్కగట్టి తీసేస్తే మిగిలినది నష్టం అంటారు. నాకు ఇక్కడ ఒక అనుమానం: ఏళ్ల తరబడి మెల్లగా వచ్చే నష్టాన్ని కూడా అదే లెక్క మింగేయొచ్చు.

మన దగ్గర తారు గడ్డకట్టే చలి ఉండదు కాబట్టి స్విస్ గీత పనికిరాదు. న్యూ మెక్సికో ఎడారిలోని అలమోసా కాన్యన్ వంతెన మనకు దగ్గర. అక్కడ డెక్‌కు ఒకవైపు ఎండ, ఒకవైపు నీడ పడటం వల్లే 24 గంటల్లో ఫ్రీక్వెన్సీ సుమారు 5 శాతం మారింది.