సొరపూలు సాయంత్రం చూడాలి

చిరంజీవులు చంటికి, బుజ్జికి అమ్మమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్‌లో పంపిన ఫోటోలన్నీ చూశాను. మీ ప్రశ్నలకు ఫోన్‌లో జవాబు చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు, అందుకే రాస్తున్నాను. మేడ మీదికి వెళ్లేటప్పుడు ఈ కాగితం చేతిలో పెట్టుకోండి.

ముందు సొరపాదు సంగతి. పూలు బోలెడు పూస్తున్నాయి, అన్నీ రాలిపోతున్నాయి, ఏం మందు కొట్టాలి అని చంటి అడిగాడు. మందు మాట తర్వాత, ముందు రాలిన పువ్వు వెనక్కి తిప్పి చూడు నాయనా. వెనక ఒట్టి సన్నకాడ ఉంటే అది మగపువ్వు. పువ్వు కిందనే నూగుతో బుల్లి సొరకాయ ఉంటే అది ఆడపువ్వు. సొర, బీర, కాకర, పొట్ల, గుమ్మడి, అన్నింట్లోనూ ఒకే తీగకు రెండు రకాల పూలూ పూస్తాయి. ముందు మగపూలే వస్తాయి. పుప్పొడి ఇవ్వడంతో వాటి పని అయిపోతుంది, తర్వాత రాలిపోతాయి. నువ్వు పంపిన ఫోటోలో ఉన్నవన్నీ మగపూలే. దానికి టెన్షన్ ఎందుకు? ఇంకో వారం పది రోజులు ఆగు.

ఆడపూలు ఎక్కువగా పక్క కొమ్మలకు వస్తాయి. తీగ పందిరి ఎక్కాక తల తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. ఆ పక్క కొమ్మల తలలు కూడా తుంచి మూడో తరం కొమ్మలు వేయించడాన్నే ఇప్పుడు మిద్దె తోటల వాళ్లు త్రీజీ కటింగ్ అని గొప్పగా చెబుతున్నారు. మా అమ్మ ఆ పేరేదీ తెలియకుండానే గోటితో తుంచేసేది.

ఆడపూలు వచ్చాక కూడా పిందె పసుపుబారి, కొసన కుళ్లి రాలిపోతుంటే, చాలాసార్లు పుప్పొడి అందలేదని అర్థం. ఇక్కడే మీ అపార్ట్‌మెంట్ వాళ్లకు ఇబ్బంది. సొరపువ్వు తెల్లగా సాయంత్రం విచ్చుకుంటుంది, రాత్రి తిరిగే రెక్కల పురుగులే దాని దగ్గరికి వస్తాయి. అంత ఎత్తుకు అవి ఎన్ని వస్తాయో అనుమానమే. కాబట్టి ఆ పని మీరే చెయ్యండి. పొద్దు వాలాక అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి, రేకులు తీసేసి, మధ్యనున్న పుప్పొడి కాడను ఆడపువ్వు నడిమధ్యన మెల్లగా రాయాలి. సొరకు సొరపువ్వే కావాలి, గుమ్మడిపువ్వు తెచ్చి రాస్తే పని జరగదు.

వేళ తప్పితే మాత్రం శ్రమ దండగ. బీర, పొట్ల కూడా సాయంత్రమే విచ్చుకుంటాయి. గుమ్మడి, కాకర తెల్లవారే వేళకు విచ్చుకుంటాయి, ఎండెక్కితే గుమ్మడిపువ్వు మూసుకుపోతుంది. తమాషా ఏమిటంటే బీరకు దగ్గర చుట్టమైన నేతిబీర సాయంత్రం కాకుండా పొద్దున్నే పూస్తుంది. పొట్లకాయ దిగడం మొదలెట్టాక కొసకు చిన్న రాయి కట్టండి, వంకర పోకుండా తిన్నగా సాగుతుంది. బుజ్జికి ఆ పని నచ్చుతుంది.

ఇక బుజ్జి ప్రశ్న. ఎరువు కుండీలో దానంతట అదే మొలిచిన మొక్క ఏమిటని. ఫోన్‌లో యాప్ మూడు పేర్లు చెప్పిందట! దాని తప్పు కాదులే. నువ్వు చూపించింది మొట్టమొదటి రెండాకులు. అవి గింజలోంచి వచ్చే పప్పుబద్దలు. సొరకైనా దోసకైనా గుమ్మడికైనా అవి మందంగా, కోలగా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఆ తర్వాత వచ్చే ఆకులతోనే మొక్క తన పేరు చెబుతుంది. నాలుగైదు ఆకులు వచ్చాక ఆకు పైభాగం, అడుగుభాగం, కాడ, పువ్వు ఉంటే పువ్వు వెనక వైపు, అన్నీ ఫోటో తియ్యి.

అది సొర గానీ దోస గానీ అయి కాయ కాస్తే ఒక జాగ్రత్త. దానంతట అది మొలిచిన పాదుకు ఒక్కోసారి చేదుకాయలు కాస్తాయి. అమ్మ దోసకాయ కోసేటప్పుడు ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టుకోవడం చూసే ఉంటావు. అది ఊరికే చేసే పని కాదు. చేదు సొరకాయ, చేదు దోసకాయ ఒంటికి విషం. ఉడికించినా ఆ చేదు పోదు. చేదు తగిలితే ఉమ్మేసి కాయ మొత్తం పారెయ్యాలి. రుచి చూడటం అమ్మ పని, మీది కాదు.

కరివేపాకు కుండీలో మొలిచినవి కరివేప పిల్లలా, వేప మొక్కలా అన్నావు. ఆకు అంచు చూడు. రంపంలా పళ్లుంటే వేప. నలిపి వాసన చూస్తే ఇంకా అనుమానం ఉండదు. కానీ పేరు తెలియని ఆకు నోట్లో పెట్టుకోకూడదు. గన్నేరు, ఉమ్మెత్త రెండూ విషమే, రెండూ చూడ్డానికి అందంగానే ఉంటాయి. చేమంతి ఆకులా చీలికలతో ఎక్కడంటే అక్కడ మొలిచేది వయ్యారిభామ. దాన్ని పూత రాకముందే పీకెయ్యాలి, ఒట్టి చేత్తో పీకితే దురద పెడుతుంది.

మిరప మొక్కకు ముడత వచ్చిందన్నారు. ఎటు ముడుచుకుంది? మన మిరప రైతులు ముందు అదే చూస్తారు. ఆకు అంచులు పైకి లేచి పడవలా అయితే పైముడత, అది తామరపురుగుల పని. అంచులు కిందికి వంగితే కింద ముడత, అది తెల్లనల్లి చేసింది. తెల్ల కాగితం పట్టి కొమ్మను తడితే తామరపురుగులు సన్నగా పాకుతూ కనిపిస్తాయి. నల్లి అలా కంటికి ఆనదు, భూతద్దం కావాలి. ఏదైనా మొదట్లోనే ఆకుల అడుగున నీళ్లు గట్టిగా చిమ్మండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట అమ్మ చేత కొట్టించండి. ఆకులు చిన్నవైపోయి, పసుపు మచ్చలు పడి, మొక్క గిడసబారితే అది వైరస్, పీకేయడమే మంచిది.

ఆకులు పసుపుబారడానికి నీళ్లు ఎక్కువవడం ఒక కారణం. వేలు రెండో కణుపు దాకా మట్టిలో దించి, తడి తగిలితే ఆ రోజు నీళ్లు మానెయ్యండి.

చివరిది బొప్పాయి. పండు గింజలు నాటారు కదా, ఏది మగదో ఏది ఆడదో పూసేదాకా ఎవరూ చెప్పలేరు. పొడుగాటి కాడలకు గుత్తులుగా వేలాడితే పోతుచెట్టు. కాండానికి ఆనుకుని లావుగా ఒక్కో పువ్వు పూస్తే కాసే చెట్టు. అందుకని అన్నీ ఇప్పుడే పీకేయకుండా మూడు మొక్కలైనా పెద్ద డ్రమ్ముల్లో ఉంచండి. అంత చోటు లేదంటే నర్సరీలో రెడ్‌లేడీ అనే రకం బొప్పాయి నారు ఒక్కటి కొనమని నాన్నతో చెప్పండి, దానిలో పోతుచెట్లు రావు.

ఉంటాను.
మీ అమ్మమ్మ