తేలే రేవు కింద ఏమి కట్టాలి?

సోమశిల, కండలేరు జలాశయాలలో నీటిమట్టం ఏడాది పొడవునా ఒక్కచోట నిలవదు. వానలకు నిండిన నీరు వేసవి వచ్చేసరికి ఒడ్డును విడిచి చాలా దూరం వెనక్కి పోతుంది. కృష్ణపట్నం దగ్గరి ఉప్పుటేరులోనూ, గుండ్లకమ్మ సముద్రంలో కలిసే చోటా ఆటుపోట్లు రోజుకు రెండుసార్లు మట్టాన్ని మారుస్తాయి. ఇటువంటి చోట్ల పాతిన గుంజల మీద కట్టిన రేవు కంటే నీటితో పాటే లేచి దిగే రేవు మేలు. దానిని సొంతంగా కట్టుకునేవారు పైన పరిచే పలకల గురించి ఎంతో ఆలోచిస్తారు గానీ, రేవు ఎన్నేళ్లు నిలిచేదీ అడుగున కట్టే తేలుడు సామగ్రే తేలుస్తుంది.

ఇందులోని లెక్క ఆర్కిమెడిస్ చెప్పినదే. నీటిలో మునిగిన వస్తువు ఎంత నీటిని తొలగిస్తుందో, ఆ నీటి బరువంత బలంతో నీరు దానిని పైకి తోస్తుంది. మంచినీరు లీటరుకు కిలో తూగుతుంది, సముద్రపు నీరు దాదాపు 1.025 కిలోలు. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము సొంత బరువు సుమారు 9 కిలోలు కనుక, పూర్తిగా మునిగితే అది 190 కిలోల వరకు మోస్తుంది. అయితే సగానికి మించి మునగకుండా చూసుకోవడమే క్షేమం. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గల రేవుకు అంగుళం మందపు పలకలు 105 కిలోలు, దూలాలు 60, ఆరు డ్రమ్ములు 54, పైన నిలబడే నలుగురు మనుషులు 260 అనుకుంటే మొత్తం 479 కిలోలు అవుతుంది. అంటే 1200 లీటర్లలో 40 శాతం మాత్రమే మునుగుతుంది. ఆ నలుగురూ ఒకే పక్కకు చేరితే ఆ వైపున్న మూడు డ్రమ్ముల మీద దాదాపు 370 కిలోలు పడుతుంది. రేవు మునగదు గానీ ఒరుగుతుంది, కాబట్టి డ్రమ్ములను మధ్యకు చేర్చకుండా అంచులకు దగ్గరగా కట్టాలి.

చవకలో నా మొదటి ఎంపిక మూత బిగిసిన పాత ప్లాస్టిక్ డ్రమ్మే. దాని ప్లాస్టిక్ నీటికంటే తేలిక. చిల్లు పడినా మోయడం మానుతుందే తప్ప, ఇనుప డ్రమ్ములాగా రేవును కిందికి లాగదు. పైగా ఇనుము ఉప్పునీటిలో త్వరగా తుప్పు పడుతుంది. కొనేముందు అందులో ఇదివరకు ఏముండేదో తప్పక అడగాలి. పురుగుమందు డ్రమ్మును రొయ్యల గుంటల దరిదాపులకు రానివ్వకూడదు, ఎందుకంటే రొయ్య కూడా పురుగుల్లాగే కీళ్ల కాళ్ల జీవి, పురుగును చంపే మందు దానినీ చంపుతుంది. వంటనూనె, బెల్లం మడ్డి నిల్వచేసిన డ్రమ్ములు మంచివి.

డ్రమ్ము బిరడాల దగ్గర ఒక సంగతి గమనించాలి. పగటి ఎండకు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, రాత్రి చల్లబడి సంకోచిస్తుంది. 45 డిగ్రీల నుంచి 20 డిగ్రీలకు దిగితే లోపలి పీడనం సుమారు 8 శాతం తగ్గుతుంది. బిరడా వదులుగా ఉండి నీటి అడుగున ఉంటే, ఆ తగ్గిన పీడనమే ప్రతి రాత్రీ కొంచెం కొంచెంగా నీటిని లోపలికి పీలుస్తుంది. డ్రమ్మును పడుకోబెట్టినప్పుడు రెండు బిరడాలూ అడ్డంగా ఒకే ఎత్తులో ఉండేలా తిప్పితే, మనుషులు లేని వేళ అవి నీటికి పైనే ఉంటాయి. రబ్బరు వాషరు సరిచూసి, మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాలి.

థర్మోకోల్ దిమ్మ మోతలో డ్రమ్ముకు తీసిపోదు: ఘనమీటరుకు 15 నుంచి 30 కిలోల బరువే ఉంటుంది, చిల్లు పడుతుందన్న భయం లేదు. కానీ దానిని ఉత్తగా నీటిలో దించడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. పూసల సందుల్లోకి క్రమంగా నీరు చేరి బరువెక్కుతుంది, పడవ ఇంజనులోని పెట్రోలు ఒలికితే కరిగిపోతుంది, అలల రాపిడికి పూసలుగా రాలుతుంది. ఆ తెల్లపూసలను చేపలూ పక్షులూ తిండి అనుకుని మింగుతాయి, వాటిని ఏరులోంచి తిరిగి ఏరడం ఎవరి తరమూ కాదు. అదే థర్మోకోల్ ముక్కలను రింగు మూత డ్రమ్ములో (పైమూత మొత్తం ఊడివచ్చే రకం) కూరి బిగిస్తే రెండింటి మేలూ కలుస్తుంది: పూసలు బయటికి రావు, డ్రమ్ము పగిలినా తేలుతుంది. మన తీరంలోని ఫైబర్ పడవల్లోనూ గట్టి పైపొర కింద నురుగు నింపే పద్ధతి ఉంది.

రొయ్యల గుంటల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్ల పాత ఫ్లోట్లు (వాటిని తేల్చే బుంగలు) దొరికితే వదలవద్దు. అవి నీటిలో తేలడానికే తయారైనవి, నల్లరంగువైతే అందులో కలిపిన కార్బన్ ఎండ తాకిడిని తట్టుకుంటుంది. వెదురు ఏడాది రెండేళ్లలో కుళ్లుతుంది. కట్టుమరం దుంగలు నీరు పీల్చుకుంటాయి కనుకనే జాలర్లు వాటిని ఒడ్డుకు లాగి ఆరబెట్టేవారు. ఎప్పుడూ నీటిలోనే ఉండే రేవుకు ఆ వీలు లేదు. ఖాళీ సీసాలతో 1000 లీటర్ల తేలుడు కావాలంటే రెండు లీటర్ల సీసాలు 500 కావాలి, అన్ని మూతలను నమ్మడం కష్టం.

ఉప్పుటేరులో డ్రమ్ములకు గుల్లజీవులు పట్టి ఏటికేడు బరువు పెంచుతాయి. అందుచేత ఏ డ్రమ్మునైనా మిగతావాటిని కదపకుండా విప్పగలిగేలా, చెక్క ఒరలో కూర్చి నైలాన్ తాళ్లతో కట్టాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు సాగే తుపానుల కాలానికి ముందే ఒక్కొక్కటీ విప్పి, గుల్ల గీకి, లోపల నీరు చేరిందేమో ఊపి చూసి, ఒరుసుకున్న తాళ్లను మార్చాలి.