ఫారంలో "తల్లి" గడి ఒక్కటే: అబోరిజినల్ కుటుంబాలతో పని, అపోహలు – వాస్తవాలు

ఖమ్మంలో ఉన్న మా అమ్మకి నా ఉద్యోగం ఏంటో ఆరేళ్ళయినా అంతుపట్టలేదు. "వాళ్ళ ఇళ్ళకెళ్ళి ఏం చేస్తావే?" అంటుంది. చాలావరకు కూచోవడమేనమ్మా. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ ఉత్తర శివార్లలో, అబోరిజినల్ వాళ్ళు, అంటే ఈ దేశపు మూలవాసులు, నడిపే ఒక సంస్థ కుటుంబ సహాయ కార్యక్రమంలో కేస్‌వర్కర్‌ని. పిల్లల్ని ఇంట్లోంచి తీసుకెళ్ళే దాకా రాకముందే ఆ ఇంటికి ఆసరాగా నిలబడటం మా పని. ఇక్కడ సోషల్ వర్క్ చదువుతూ ప్లేస్‌మెంట్‌కి (చదువులో భాగంగా పని నేర్చుకోవడానికి) వచ్చే మన తెలుగు పిల్లలు మొదటి వారంలో అనే మాటలే కింద రాస్తున్నా. వాటిలో సగం నేనూ నమ్మి వచ్చినవే.

అపోహ: వీళ్ళంతా ఎక్కడో ఎడారిలో ఉంటారు. తెల్లగా ఉన్నవాళ్ళు అబోరిజినల్ ఎలా అవుతారు?

2021 జనాభా లెక్కల్లో మారుమూల ప్రాంతాల్లో ఉన్నది 100 మందిలో సుమారు 15 మందే. మిగతావాళ్ళు నగరాల్లో, పట్టణాల్లో మన పక్క వీధిలోనే ఉన్నారు. ఇక రంగు సంగతి. వంశం, తనను తాను అలా చెప్పుకోవడం, సముదాయం ఒప్పుకోవడం, ఈ మూడే కొలత. రంగు గురించి ఎవరినీ అడక్కండి. అంతే.

అపోహ: పిల్లల్ని ఎత్తుకెళ్ళడం తాతల కాలం నాటి కథ.

సుమారు 1910 నుంచి 1970 దాకా ప్రభుత్వాలు, క్రైస్తవ మిషన్లు అబోరిజినల్ పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి లాక్కెళ్ళాయి. పది మందిలో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి దాకా పిల్లలు అలా పోయారని 1997 నాటి జాతీయ విచారణ నివేదిక తేల్చింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అక్కడితో కథ అయిపోయిందనుకుంటాం. ఈరోజుకీ దేశంలోని పిల్లల్లో వీళ్ళు సుమారు 6 శాతమే. సొంతింటికి దూరంగా ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లల్లో మాత్రం 40 శాతానికి పైన. ఒకసారి నా మెడలో ఐడీ కార్డు చూసి ఒక అమ్మమ్మ, నాకు జవాబు చెప్పకుండానే లోపలికి తిరిగి పిల్లల చెప్పులు వాకిట్లోంచి తీయించింది. ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారో నాకు తెలియకూడదని. ఆ రోజు నుంచి కార్డు జేబులో పెట్టుకుని, ముందు పేరు చెప్పి, ఎవరు పంపితే వచ్చానో చెబుతున్నా.

అపోహ: పిల్లాడు ఒక వారం అమ్మ దగ్గర, ఒక వారం పిన్ని దగ్గర, ఇంకో వారం అమ్మమ్మ దగ్గర ఉంటే అది నిర్లక్ష్యమే.

ఇది మనవాళ్ళు అంటే నాకు నవ్వొస్తుంది. వేసవి సెలవులు ఎక్కడ గడిపారర్రా మీరు? చాలా అబోరిజినల్ బంధుత్వ పద్ధతుల్లో తల్లి అక్కచెల్లెళ్ళూ తల్లులే, తండ్రి అన్నదమ్ములూ తండ్రులే. మేనమామ మాత్రం వేరు. మనకి పెద్దమ్మ, చిన్నమ్మ, పెదనాన్న, చిన్నాన్న, మేనమామ ఉన్నట్టే. ఇంగ్లీషుకి బాబాయీ మేనమామా ఇద్దరూ అంకులే. మానవశాస్త్రంలో ద్రావిడ బంధుత్వాన్నీ ఆస్ట్రేలియా పద్ధతుల్నీ పక్కపక్కన పెట్టి చదివినవాళ్ళున్నారు. మా ఆఫీసు ఫారంలో మాత్రం "తల్లి" గడి ఒక్కటే. ఏడేళ్ళ పిల్లాడు ముగ్గురి పేర్లు చెబితే, మొదట్లో నేను రెండు కొట్టేశాను. ఆ కొట్టేసిన ఇద్దరిలో ఒకావిడే వాణ్ణి రోజూ బడికి దింపేది. ఇప్పుడు పెద్ద బ్రౌన్ పేపర్ నేలమీద పరిచి, స్కెచ్ పెన్ను అమ్మమ్మ చేతికే ఇస్తాను.

అయితే పోలిక చూసి మరీ సంబరపడకండి. "అచ్చం మాలాగే" అని నేనన్నప్పుడు, మా టీమ్‌లోని పెద్దావిడ (అందరం ఆంటీ అంటాం) "మీ పిల్లల్ని ఎవరైనా పట్టుకెళ్ళారా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అపోహ: సంస్కృతి ముందంటే, పిల్లాడి క్షేమం వెనక్కి.

చైల్డ్ ప్లేస్‌మెంట్ సూత్రం (అబోరిజినల్ పిల్లల సంరక్షణలో పాటించాల్సిన పద్ధతి) అనగానే "బంధువుల దగ్గర పెట్టేయడం" అనుకుంటారు. అందులో అయిదు అంశాలు, మొదటిది అసలు పిల్లాణ్ణి తీసుకెళ్ళే అవసరమే రాకుండా చూడటం. తర్వాత సముదాయ సంస్థలతో భాగస్వామ్యం, పిల్లాణ్ణి ముందు ఎవరి దగ్గర ఉంచాలన్న వరుస, కుటుంబం మాట, తన మూలాలతో తెగని బంధం. బంధువులకీ పోలీసు తనిఖీ, ఇంటి పరిశీలన తప్పవు. కుటుంబ నిర్ణయ సమావేశంలో అధికారులు తమ ఆందోళన ఏంటో సూటిగా చెప్పి బయటికి వచ్చేస్తారు. లోపల కుటుంబం ఒక్కటే ఉంటుంది. మేం వరండాలో టీ చల్లారేదాకా నిలబడతాం. తలుపు తెరిచేసరికి, మేం ఆరు వారాలు రాసినా రాయలేని ప్లాన్ కాగితం మీద ఉంటుంది: ఏ రాత్రి ఎవరింట్లో, తల్లి మళ్ళీ తాగితే ఎవరికి ఫోన్. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో కోర్టు ఆదేశాల కింద ఉన్న పిల్లల బాధ్యతనే అబోరిజినల్ సంస్థకు అప్పగించే వీలు చట్టంలో ఉంది. 2017లో దాన్ని మొదట అందుకున్నది 1970ల్లో మోలీ డయ్యర్ తదితరులు మొదలుపెట్టిన వాకా (VACCA) అనే అబోరిజినల్ పిల్లల సంక్షేమ సంస్థ.

అపోహ: హీలింగ్ (మనసు గాయాలు మాన్పుకోవడం) అంటే పొగ వేయడం, చుక్కల బొమ్మలు, డిడ్జరీడూ అనే పొడుగాటి ఊదే వాద్యం.

పొగ వేసే క్రతువు ఉంది, దాని గౌరవం దానిది. కానీ నేను చూసిన హీలింగ్ ఎక్కువగా బల్ల చుట్టూ జరిగింది. ఆస్ట్రేలియాలోని ఈ ఆగ్నేయ ప్రాంతంలో పాసమ్ (చెట్ల మీద తిరిగే బొచ్చు జంతువు) తోళ్ళు కుట్టి దుప్పట్లలా కప్పుకునేవాళ్ళు, పుట్టిన బిడ్డను అందులో చుట్టేవాళ్ళు. పాతవి 1853, 1872 నాటివి రెండు మెల్‌బోర్న్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిని చూసి కొందరు ఆడవాళ్ళు ఆ కళను మళ్ళీ లేపారు. ఆస్ట్రేలియాలో పాసమ్‌కి చట్టరక్షణ ఉంది కాబట్టి తోళ్ళు న్యూజిలాండ్ నుంచి వస్తాయి, అక్కడ అది పంటల్నీ అడవినీ తినే పీడ. మైనం పూసిన దారంతో కుడతారు, తోలు లోపలి వైపు కాల్చి గీతలు వేస్తారు. కాలిన తోలు వాసన, తలలు వంచుకుని పదిమంది. కౌన్సెలింగ్ గదిలో మూడు నెలలు నోరు విప్పని తల్లి, నాలుగో ముడి వేస్తూ తన తల్లి సంగతి ఎత్తింది. ఎవరూ తలెత్తలేదు. "అప్పుడు మీకేమనిపించింది?" అని ఎవరూ అడగలేదు. ఉత్తర ఆస్ట్రేలియాలోని డేలీ నది ప్రాంతపు అబోరిజినల్ పెద్ద మిరియమ్ రోజ్ అంగన్‌మెర్ బౌమన్ దీన్నే దదిర్రి అంటారు, లోలోపలికి వినడం. ప్లేస్‌మెంట్ పిల్లలకి అన్నిటికన్నా కష్టమైంది ఇదే. నిశ్శబ్దం వస్తే పెన్ను ఆడిస్తారు.

అపోహ: అపాయింట్‌మెంట్లు ఎగ్గొడితే ఇష్టం లేదన్నట్టే.

ఇది నేను ఇంకో చోట పనిచేసేటప్పటి తప్పు. ఒక తల్లి వరసగా మూడుసార్లు రాలేదు. నిబంధన ప్రకారం కేసు మూసేస్తున్నామని ఉత్తరం పంపాం, కింద నా సంతకం. వాళ్ళింట్లో చావు. సారీ బిజినెస్ అంటారు. బంధువులందరూ కలిసే దాకా రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది, చాలాచోట్ల పోయినవాళ్ళ పేరు కూడా పలకరు. ఫోన్ చేసి "ఎవరు పోయారు, పేరేంటి" అని నేనే అడిగాను కూడా. ఇప్పుడు మా టీమ్‌లో ఎవరైనా రాకపోతే ముందు ఆంటీని అడుగుతాం. ఆవిడ "ఆగు" అంటే ఆగుతాం. కంప్యూటర్‌లో ఎర్ర గుర్తు పడితే పడనీ.