జెర్సీ మీది గుర్తు ఎవరి సొత్తు?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో టోర్నమెంట్ల సీజన్ మొదలైందంటే జెర్సీ షాపులకు ఊపిరాడదు. కుర్రాళ్లు వాట్సాప్‌లో ఫొటో పంపి "ఎడమ ఛాతీ మీద ఇండియా టీమ్ గుర్తు వెయ్యండన్నా" అంటారు. కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ చేసి, పాలిస్టర్ మీద సబ్లిమేషన్ (వేడితో రంగు దించే ప్రింటింగ్) కొట్టడం ఎంతసేపు! కానీ క్రికెట్ జట్టు వేసుకునే ఆ గుర్తు దేశానిది కాదు, క్రికెట్ బోర్డు బీసీసీఐది.

1928లో పుట్టిన బీసీసీఐ తమిళనాడు సొసైటీల చట్టం కింద నమోదైన సంఘం. రాజ్యాంగం 12వ అధికరణ ప్రకారం అది ప్రభుత్వంలో భాగం కాదని 2005లో జీ టెలిఫిల్మ్స్ కేసులో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో తేల్చింది. ఇక గుర్తు సంగతి: 1861లో విక్టోరియా రాణి నెలకొల్పిన 'స్టార్ ఆఫ్ ఇండియా' పతకం పోలికే అది. వలస పాలన నాటి ఈ ముద్ర ఇంకా ఎందుకని అప్పటి కేంద్ర సమాచార కమిషనర్ మాడభూషి శ్రీధర్ ఆచార్యులు ప్రభుత్వాన్ని అడిగారు. గుర్తు మాత్రం మారలేదు.

హక్కు సంఘానిదే అయినా నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో ఇంగ్లండ్ రగ్బీ సంఘానికి బాగా తెలుసు. ఎర్ర గులాబీ ఉన్న చొక్కాలు అమ్ముతోందని కాటన్ ట్రేడర్స్ అనే బట్టల కంపెనీ మీద కోర్టుకెక్కి 2002లో ఓడిపోయింది. జనం ఆ గులాబీని ఇంగ్లండ్ జట్టు గుర్తుగా చూస్తున్నారే తప్ప, సరుకు ఫలానా సంఘం నుంచి వచ్చిందని చెప్పే ముద్రగా కాదన్నది తీర్పు సారం. దక్షిణాఫ్రికాలో తగువు డబ్బు గురించి కాదు. వర్ణవివక్ష కాలపు స్ప్రింగ్‌బాక్ జింక గుర్తు ఉండాలా వద్దా అని. చివరికి అన్ని జట్లకూ ఉమ్మడిగా ప్రోటియా పువ్వు ఎడమ ఛాతీకి వచ్చింది, రగ్బీవాళ్ల జింక కుడివైపుకు జరిగింది.

మన షాపుల్లో జరిగే పొరపాటు ఒకటే: రంగు మార్చి, మధ్యలో అక్షరాలు తీసేస్తే సరిపోతుందనుకోవడం. పోలిక మొత్తంగా చూస్తారు. తప్పుడు ట్రేడ్‌మార్క్ వేసినట్టు రుజువైతే ట్రేడ్‌మార్క్‌ల చట్టం సెక్షన్ 103 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. హాకీ జెర్సీ నకలు కొడితే చిక్కు రెండింతలు. జాతీయ హాకీ సంఘమైన హాకీ ఇండియా గుర్తుతో పాటు 2018 నుంచి స్పాన్సర్‌గా ఒడిశా పేరూ ఉంటుంది, ఎవరి అనుమతి వారిదే. మువ్వన్నెల జెండా 2005 సవరణ తర్వాత చొక్కా మీద వేయొచ్చు, నడుము కింద వేయకూడదు, అంటే నిక్కర్లకు పనికిరాదు. మూడు సింహాల జోలికి అసలే పోవద్దు.

సొంత క్లబ్బు గుర్తు విషయంలో గొడవంతా డిజైనర్ దగ్గర మొదలవుతుంది. డబ్బిచ్చి గీయించుకున్నంత మాత్రాన కాపీరైట్ క్లబ్బుకు రాదు, సంతకం చేసిన బదిలీ పత్రం కావాలి. అందులో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. తర్వాత ట్రేడ్‌మార్క్ నమోదుకు టీఎం-ఏ దరఖాస్తు ఫారం. ఇందులో సరుకులు, సేవలను క్లాసులుగా విడదీస్తారు: బట్టలకు 25వ క్లాసు, ఆటల నిర్వహణకు 41. ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాసుకు వ్యక్తులకు 4,500, మామూలు సంఘాలకు 9,000 రూపాయలు. ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వచ్చాక 4 నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. బరంపురం క్లబ్బు ఫైలు కోల్‌కతా ట్రేడ్‌మార్క్ ఆఫీసుకు, పక్కనే ఆంధ్రలో ఉన్న ఇచ్ఛాపురం క్లబ్బుది చెన్నై ఆఫీసుకు పోతుంది. హక్కు మాత్రం దేశమంతటా చెల్లుతుంది, 10 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటే.