వచ్చే దారే తప్ప వెళ్లే దారి లేని చవక మౌస్: చిన్న పార్శిళ్ల సుంకం గొడవ వెనక కథ

విదేశీ అమ్మకందార్ల నుంచి నేరుగా తెప్పించుకునే చిన్న పార్శిళ్ల మీద సుంకం గొడవ మళ్లీ రాజుకుంది. 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఇస్తున్న మినహాయింపును అమెరికా 2025లో ఆపేసింది. చైనా, హాంకాంగ్‌ల నుంచి వచ్చే వాటికి మే 2న, మిగతా దేశాల నుంచి వచ్చే వాటికి ఆగస్టు 29న అది పోయింది. అదే ఏడాది డిసెంబరులో యూరోపియన్ యూనియన్ ఆర్థిక మంత్రులు కూడా ఒక నిర్ణయానికి వచ్చారు. 150 యూరోల లోపు పార్శిల్‌లో ఉన్న ఒక్కో రకం వస్తువుకు 3 యూరోల చొప్పున, 2026 జులై 1 నుంచి వసూలు చేస్తారు. బ్రిటన్ తన 135 పౌండ్ల మినహాయింపును 2029 మార్చికల్లా తీసేస్తానని చెప్పింది. తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ మౌస్, హెడ్‌సెట్ తెప్పించుకునేవాళ్లకు ఇప్పుడు ఇదే టెన్షన్.

ప్రభుత్వాలు, స్థానిక వ్యాపారులు చెప్పేది క్లుప్తంగా ఇది. ఇన్ని పార్శిళ్లను తనిఖీ చేయడం ఎవరి వల్లా కాదు, భద్రతా ప్రమాణాలు లేని సరుకు లోపలికి వస్తోంది, పన్ను కట్టి అమ్మేవాడు నష్టపోతున్నాడు. అంకెలు వాళ్ల పక్షానే ఉన్నాయి. మినహాయింపు కింద అమెరికాలోకి 2015లో దాదాపు 13.9 కోట్ల పార్శిళ్లు వస్తే, 2024లో 136 కోట్లు వచ్చాయి. యూరోపియన్ యూనియన్‌లోకి 2024లో 460 కోట్లు వచ్చాయి. వాటిలో 91 శాతం చైనావే.

ఈ లెక్కల్లో కొనేవాడి గోడు ఎక్కడా లేదు. సుంకం గురించి ఇంత మాట్లాడుతున్నవాళ్లు, పాడైన మౌస్‌ను వెనక్కి పంపడం ఎందుకు కుదరదో ఒక్కసారీ అడగలేదు. ఆ ప్రశ్నకు జవాబు కోసం పన్ను చట్టాలు తిరగేసి లాభం లేదు, తపాలా చరిత్ర చూడాలి. అందులోనూ 2011 ప్రాంతంలో అమెరికా పోస్టల్ సర్వీస్‌కూ చైనా, హాంకాంగ్ పోస్టులకూ కుదిరిన ఈ-ప్యాకెట్ ఏర్పాటును చూడాలి. ఈ రంగంలో మంచి ఎంత ఉందో చెడు ఎంత ఉందో రెండూ అక్కడి నుంచే వచ్చాయని నా నమ్మకం.

ఒక దేశంలో పోస్టు చేసిన వస్తువును మరో దేశపు పోస్ట్‌మ్యాన్ ఇంటికి చేర్చినందుకు, పంపిన దేశపు పోస్టు అందుకున్న దేశపు పోస్టుకు కొంత చెల్లిస్తుంది. దీన్ని టెర్మినల్ డ్యూస్ అంటారు. రేట్లు దేశాల తపాలా వ్యవస్థలను కలిపే అంతర్జాతీయ సంస్థ యూనివర్సల్ పోస్టల్ యూనియన్‌లో తేలతాయి. వర్ధమాన దేశాల గుంపులో ఉన్నవాళ్లకు రేటు తక్కువ. చైనా చాలాకాలం ఆ గుంపులోనే ఉంది. దీనికి తోడు, 2 కిలోల లోపు చిన్న ప్యాకెట్లు తపాలా లెక్కలో పార్శిళ్లు కావు, ఉత్తరాల కోవలోకి వస్తాయి. పెట్టెతో సహా మౌస్ బరువు అందులో నాలుగో వంతు కూడా ఉండదు. హెడ్‌సెట్ కూడా పరిమితి లోపే తూగుతుంది. అంటే చైనాలోని షెన్‌జెన్ నుంచి బయలుదేరిన గేమింగ్ సామాను ప్రపంచమంతా ఉత్తరం ధరకు తిరిగిందన్నమాట.

అప్పటికి ఒక్కటే లోటు. చవక తపాలాకు ట్రాకింగ్ లేదు. డబ్బు కట్టి రెండు నెలలు ఎదురుచూసే ధైర్యం కొద్దిమందికే ఉండేది. వస్తువు రాలేదని కొనేవాడు అంటే, పంపానని అమ్మేవాడు రుజువు చూపలేకపోయేవాడు. ఈ-ప్యాకెట్ ఆ లోటు తీర్చింది. 2 కిలోల వరకు, తక్కువ రేటుకే, ట్రాకింగ్ నంబరుతో, చేరిందన్న నిర్ధారణతో అమెరికా ఇళ్లకు వెళ్లే వీలు దొరికింది. చైనా ఆన్‌లైన్ దుకాణం అలీఎక్స్‌ప్రెస్ మొదలైంది కూడా 2010లోనే. ఒక ఫ్యాక్టరీ పక్క గదిలో కూర్చున్న చిన్న అమ్మకందారు ప్రపంచంలో ఏ మూలకైనా ఫ్రీ షిప్పింగ్ అని ధైర్యంగా రాయగలిగింది అప్పటి నుంచే. అమెరికాలో ఒక ఊరి నుంచి పక్క ఊరికి పంపడం కన్నా చైనా నుంచి తెప్పించడం చవక అని అక్కడి చిన్న వ్యాపారులు మొత్తుకోవడం మొదలైందీ అప్పుడే. వాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే.

అయితే ఈ ఏర్పాటు ఒకవైపుకే పనిచేసింది. తక్కువ రేటు చైనా నుంచి బయటికి వచ్చే వస్తువుకే. అదే మౌస్‌ను అమెరికా నుంచో జర్మనీ నుంచో వెనక్కి పంపాలంటే అక్కడి పోస్టు తన సొంత ధర పట్టిక ప్రకారం వసూలు చేస్తుంది. చవక మౌస్ అయితే ఆ ఖర్చు దాని ధరనే దాటిపోతుంది. రిటర్న్ హక్కు కాగితం మీద ఉంది. వాడుకున్నవాడికి నష్టం.

అమ్మకందార్ల అలవాట్లన్నీ దీన్నిబట్టే ఏర్పడ్డాయి. వస్తువు మీ దగ్గరే ఉంచుకోండి, సగం డబ్బు వెనక్కిస్తాం అనే బేరం ఇక్కడిదే. వీడియో తీసి లోపం నిరూపించమనే పద్ధతి కూడా ఇక్కడిదే. మౌస్‌లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే జబ్బు డబుల్ క్లిక్, అంటే ఒకసారి నొక్కితే రెండుసార్లు పడటం. బటన్ కింద ఉన్న మైక్రో స్విచ్‌లో లోహపు రేకు అరిగి, కాంటాక్టులు సరిగ్గా తాకనప్పుడు ఇది వస్తుంది. కొన్న రోజు రాదు, కొన్ని నెలలు వాడాక వస్తుంది. ఫిర్యాదుకు గడువేమో చాలా చోట్ల వస్తువు అందాక రోజుల్లోనే ముగుస్తుంది. జపాన్ కంపెనీ ఓమ్రాన్ తయారుచేసే డీ2ఎఫ్‌సీ లాంటి స్విచ్‌లు పెద్ద బ్రాండ్ల మౌస్‌లలోనూ ఉన్నాయి, అక్కడా ఇదే జబ్బు వచ్చింది. కానీ వాటికి వారంటీ ఉంది, దగ్గర్లో మార్చి ఇచ్చేవాళ్లున్నారు. భాగం ఒకటే అయినా, పాడైనప్పుడు ఇద్దరు కొనుగోలుదారుల పరిస్థితి ఒకటి కాదు.

అబద్ధపు స్పెసిఫికేషన్లు ఇంతకాలం బతికిందీ ఇందుకే. మౌస్ అంగుళం కదిలితే సెన్సర్ దాన్ని ఎన్ని చుక్కలుగా లెక్కిస్తుందో చెప్పే అంకె డీపీఐ. సెన్సర్ చదవగలిగే దానికన్నా ఎక్కువ డీపీఐని పెట్టె మీద వేస్తారు. సెన్సర్ ఇచ్చిన అంకెను మౌస్ లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) గుణించి పెద్దది చేస్తుంది. దాన్ని ఇంటర్‌పొలేషన్ అంటారు. కర్సర్ వేగంగా కదులుతుంది గానీ మధ్యలో పిక్సెళ్లు దాటేస్తుంది. 1000 హెర్ట్జ్ అని రాసి 125 హెర్ట్జ్‌తో పంపినవీ ఉన్నాయి. అంటే చెయ్యి ఎక్కడుందో కంప్యూటర్‌కు మిల్లీసెకనుకోసారి కాకుండా 8 మిల్లీసెకన్లకోసారి తెలుస్తుంది. షూటింగ్ గేమ్‌లో గురి తప్పడానికి అది చాలు. హెడ్‌సెట్ల సంగతీ ఇంతే. చుట్టూ ఎనిమిది స్పీకర్ల శబ్దం అన్న అర్థంలో 7.1 అని రాసి ఉన్న చవక హెడ్‌సెట్‌లో చెవికొక చిన్న స్పీకర్ (డ్రైవర్) చొప్పున రెండే ఉంటాయి. మిగతా దిక్కులన్నీ యూఎస్‌బీ చిప్పో సాఫ్ట్‌వేరో కల్పించేవి. వెనక్కి పంపడం తేలికైతే ఈ రాతల్లో చాలావి మొదటి నెలలోనే అమ్మకందారు మెడకు చుట్టుకునేవి.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్లాలి. పోస్టల్ యూనియన్‌కు పునాది వేసిన ఒప్పందం 1874లో బెర్న్‌లో కుదిరింది. అప్పట్లో దేశాల మధ్య టెర్మినల్ డ్యూస్ లేవు. ప్రతి ఉత్తరానికీ జవాబు వస్తుంది, కాబట్టి మోత బరువు రెండు వైపులా సమానమవుతుంది అన్న నమ్మకంతో ఎవరి స్టాంపుల డబ్బు వాళ్లే ఉంచుకున్నారు. రాకపోకలు సమానంగా లేవని తెలిశాకే, 1969లో టోక్యోలో జరిగిన యూనియన్ మహాసభలో (కాంగ్రెస్) చెల్లింపు పెట్టారు. వస్తువులకు జవాబులు ఉండవన్న సంగతిని అప్పుడూ ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, ఈ-ప్యాకెట్ వచ్చినప్పుడూ తీసుకోలేదు. పంపే పోస్టుకూ అందుకునే పోస్టుకూ మధ్య డబ్బు ఎలా పంచుకోవాలన్నదే ఎప్పుడూ చర్చ.

2018 అక్టోబరులో అమెరికా పోస్టల్ యూనియన్ నుంచి తప్పుకుంటానని నోటీసిచ్చినప్పుడు జరిగింది కూడా ఆ చర్చే. 2019 సెప్టెంబరులో జెనీవాలో అత్యవసర కాంగ్రెస్ జరిగింది. డెలివరీ రేటును ఆయా దేశాలే ప్రకటించుకునే వీలిచ్చారు, అమెరికా యూనియన్‌లో ఉండిపోయింది. 2020 జులై నుంచి అమెరికా సొంత రేట్లు అమల్లోకి వచ్చాయి. చవక తపాలా కాలం నిజానికి అప్పుడే ముగిసింది. అమ్మకందార్లు ప్రైవేటు లైన్ల వైపు, విమానాల్లో గంపగుత్త రవాణా వైపు మళ్లారు. వచ్చే దారి అంత చవకగా కాకపోయినా నిలబడింది. వెళ్లే దారిని జెనీవాలోనూ ఎవరూ వేయలేదు.

దేశాల వారీగా వచ్చిన పన్ను మార్పులదీ ఇదే తీరు. ఆస్ట్రేలియా 2018 జులైలో 1000 ఆస్ట్రేలియా డాలర్ల లోపు వస్తువుల మీద జీఎస్టీ పెట్టింది. గిఫ్ట్ పేరుతో సుంకం లేకుండా తెప్పించుకునే దారిని భారత్ 2019 డిసెంబరులో మూసింది. యూరోపియన్ యూనియన్ 2021 జులైలో 22 యూరోల వ్యాట్ మినహాయింపు తీసేసింది. ఇవన్నీ వసూలుకు సంబంధించినవి.

చవక సరుకంటే చెత్త అని తీసిపారేసే వాదన ఒకటుంది. దానికి రెండు ఉదాహరణలు చాలు. 2014లో వచ్చిన హైపర్‌ఎక్స్ క్లౌడ్ హెడ్‌సెట్ గేమర్లలో ఎంత పేరు తెచ్చుకుందో తెలిసిందే. దాని మూలం చైనాలోని టాక్‌స్టార్ కంపెనీ ప్రో 80 హెడ్‌ఫోన్. విదేశీ సైట్లలో టాక్‌స్టార్ పేరుతోనే అది తక్కువ ధరకు దొరికేది. రెండో ఉదాహరణ తైవాన్ కంపెనీ పిక్సార్ట్ తయారుచేసే మౌస్ సెన్సర్లు. లాజిటెక్ 2014లో వాడిన పీఎండబ్ల్యూ3366 ఆ ఒక్క కంపెనీకే పరిమితం. దానికి దగ్గరి బంధువైన 3360, 12,000 డీపీఐతో, అందరికీ దొరికింది. తర్వాత 26,000 డీపీఐ ఉన్న పీఏడబ్ల్యూ3395 కూడా అలాగే వచ్చింది. 2023లో చైనా కంపెనీ వీజీఎన్ డ్రాగన్‌ఫ్లై ఎఫ్1 ఆ సెన్సర్‌తోనే, తేలికైన వైర్‌లెస్ మౌస్‌గా, పెద్ద బ్రాండ్ల ధరలో చిన్న భాగానికి అమ్ముడైంది. ఇందులో మోసం లేదు. మంచి భాగాలు అందరికీ అమ్మకానికి వచ్చాయి, ప్రకటనల ఖర్చు, మధ్యవర్తుల కమీషన్ తగ్గాయి. నిజాయితీగా తయారైన ఈ మౌస్, అబద్ధపు డీపీఐ మౌస్ ఒకే సైట్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి. సరుకు వెనక్కి వస్తుందన్న భయం అమ్మకందారుకు లేని చోట రెండిటికీ తేడా కట్టేది కొనేవాడే, అదీ డబ్బు పోయాక.

సుంకం మినహాయింపు వల్లే ఇవి చవక అన్న మాట మౌస్ విషయంలో నిలవదు. ప్రపంచ వాణిజ్య సంస్థ కింద 1996లో కుదిరిన ఐటీ ఒప్పందంలో కంప్యూటర్ ఇన్‌పుట్ పరికరాలు ఉన్నాయి. మౌస్ వాటిలో ఒకటి. 2015 విస్తరణలో హెడ్‌ఫోన్లు కూడా చేరాయి. ఒప్పందంలో ఉన్న యూరప్‌లోకి కంటెయినర్‌లో మౌస్‌లు దించే పెద్ద దిగుమతిదారుకు మామూలు సుంకం సున్నా. ధరతో పని లేకుండా ఒక్కోదానికి ఇంత అని పెట్టే నిర్ణీత సుంకం బరువు ఎప్పుడూ తక్కువ ధర వస్తువు మీదే ఎక్కువ పడుతుంది. అమెరికా 2025లో చైనా తపాలా పార్శిళ్లకు 54 శాతం గానీ, ఒక్కోదానికి 100 డాలర్లు గానీ అన్న పద్ధతి పెట్టినప్పుడు ఇది కొట్టొచ్చినట్టు కనిపించింది. ఆ 100 డాలర్లతో చవక మౌస్‌లు ఎన్నో వస్తాయి.

2025 ఆగస్టు 29 నాటి మార్పు వల్ల, కొత్త పద్ధతికి సిద్ధం కాలేక 88 పోస్టల్ సంస్థలు అమెరికాకు సేవలు పూర్తిగానో కొంతవరకో ఆపేశాయి. వారం కిందటితో పోలిస్తే ఆ రోజు తపాలా రవాణా 81 శాతం పడిపోయిందని పోస్టల్ యూనియన్ ప్రకటించింది. పెద్ద అమ్మకందార్లు మాత్రం ముందే కొనేవాళ్ల దేశాల్లో గోదాములు తీసుకుని సరుకు పోశారు. గోదాము నుంచి కొన్న మౌస్‌ను ఆ గోదాముకే తిప్పి పంపవచ్చు. ఈ ఒక్క విషయంలో కొత్త సుంకాలు కొనేవాడికి అనుకోకుండా మేలు చేశాయని ఒప్పుకోవాలి. కానీ గోదాములో చేరేది వేలల్లో అమ్ముడయ్యే రంగుల లైట్ల మౌస్. చిన్న చేతులకు, ఎడమచేతి వాటానికి సరిపోయే ఆకారాలు తక్కువ సంఖ్యలో చేసే చిన్న తయారీదార్లకు ఆ స్తోమత లేదు. 2024 డిసెంబరు 13 నుంచి అమల్లో ఉన్న యూరప్ భద్రతా నిబంధన ప్రకారం అక్కడ బాధ్యుడైన ప్రతినిధి కూడా ఉండాలి. పెద్దవాళ్లకు అది చిన్న ఖర్చు. ఏడాదికి కొన్ని వందల మౌస్‌లు అమ్మేవాడు యూరప్ ఆర్డర్లు తీసుకోవడమే మానేస్తాడు.

మిగిలినవాళ్లకు, అంటే గోదాములో లేని మౌస్ తెప్పించుకునేవాళ్లకు, పాత లెక్కే నడుస్తోంది, పైగా ఇంకో మెలిక పడింది. మౌస్ డబుల్ క్లిక్ అవుతోందని రుజువు చూపితే, మంచి అమ్మకందారు పాతది అడగకుండా కొత్తది ఉచితంగా పంపేవాడు. వెనక్కి పంపే దారి లేని చోట కొనేవాడికి దొరికిన ఏకైక వారంటీ అదే. కస్టమ్స్ దృష్టిలో మాత్రం అది కూడా మరో పార్శిలే. ఉచితంగా పంపినా దాని మీద విలువ రాయాల్సిందే, సుంకం వర్తిస్తే కట్టాల్సిందే.