యద్భావం తద్భవతి: ఆలోచనల శక్తిపై అపోహలు, వాస్తవాలు

కౌన్సెలింగ్ గదిలో నాకు తరచుగా వినిపించే మాట "యద్భావం తద్భవతి". కొందరు దాన్ని ధైర్యం కోసం చెప్పుకుంటారు. ఎక్కువమంది మాత్రం "నేనే చెడుగా అనుకున్నాను, అందుకే ఇలా అయింది" అని తమను తాము తప్పుపట్టుకుంటూ చెబుతారు. ఆ మాటలో నిజం ఉంది. అది ఎక్కడుందో తెలియకే మనుషులు నలిగిపోతున్నారు.

అపోహ: గట్టిగా అనుకుంటే చాలు, అదే జరుగుతుంది.

వాస్తవం: ఆలోచన తనంతట తాను బయట దేన్నీ కదిలించదు. అది మన చూపును, గొంతును, అడుగును మారుస్తుంది. ఎదుటివాళ్లు స్పందించేది వాటికే. 1977లో మనస్తత్వవేత్త మార్క్ స్నైడర్ బృందం అమెరికాలో ఒక ప్రయోగం చేసింది. యువకులకు ఒక ఫొటో చూపించి, మీరు ఫోన్లో మాట్లాడబోయేది ఈ అమ్మాయితోనే అన్నారు. కొందరికి అందమైన ముఖం చూపించారు, కొందరికి అందంగా లేని ముఖం. నిజానికి ఆ ఫొటోలు అవతలి అమ్మాయిలవి కావు, వాళ్లకు ఆ సంగతే తెలియదు. అయినా అందగత్తె అనుకుని మాట్లాడించిన అమ్మాయిలే ఎక్కువ కలుపుగోలుగా మాట్లాడారని, వాళ్ల గొంతు మాత్రమే విన్న మూడోవాళ్లు తేల్చారు. అతని నమ్మకం అతని పలకరింపులోకి, అక్కణ్నుంచి ఆమె జవాబులోకి పాకిందన్నమాట.

ఇదే చక్రం వెనక్కీ తిరుగుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒకాయన (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను) మీటింగులో నోరు తెరిస్తే గొంతు వణుకుతుందని, అందరూ నవ్వుతారని నమ్మేవారు. అందుకని ప్రతి వాక్యాన్నీ మనసులో ముందే బట్టీ పట్టేవారు. తల దించుకుని, గబగబా రెండు ముక్కలు చెప్పి ఆపేసేవారు. మిగతావాళ్లకు కనిపించింది మాత్రం ముఖం చూసి మాట్లాడని, అడిగినా ముక్తసరిగా బదులిచ్చే మనిషి. మెల్లగా ఆయన్ని అడగడమే మానేశారు. "చూశారా, నేనంటే లెక్కలేదు" అన్నారాయన నాతో. భయం నుంచి తప్పించుకోవడానికి చేసే ఇలాంటి పనులను మేం సేఫ్టీ బిహేవియర్స్ అంటాం. భయానికి నీళ్లు పోసి పెంచేవి అవే.

అపోహ: పాడు ఆలోచన వచ్చిందంటే నేను చెడ్డ మనిషిని. దాన్ని వెంటనే తరిమేయాలి.

వాస్తవం: పసిబిడ్డను ఎత్తుకున్న తల్లికి "జారవిడిచేస్తానేమో" అని ఒక్క క్షణం తడుతుంది, ఒళ్లు జలదరిస్తుంది. బిడ్డంటే ప్రాణం కాబట్టే ఆ ఆలోచన అంతగా గుచ్చుకుంటుంది. 1978లో రాచ్‌మన్, డిసిల్వా అనే మనస్తత్వవేత్తలు అడిగి చూస్తే, ఏ మానసిక సమస్యా లేనివాళ్లలోనే దాదాపు 80 శాతం మంది తమకూ ఇలాంటివి వస్తాయని చెప్పారు. తరిమేకొద్దీ అవి మరింత అంటుకుంటాయి. మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ 1987లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులను తెల్ల ఎలుగుబంటి గురించి అనుకోవద్దని, గుర్తొస్తే గంట కొట్టమని అన్నారు. గంట మోగుతూనే ఉంది. "వచ్చింది, సరే" అనుకుని చేతిలో పని కొనసాగించడమే మేలు.

చచ్చిపోవాలనే ఆలోచన సంగతి వేరు. దాన్ని దాచుకోకండి. ఈరోజే ఒక మనిషికి చెప్పండి, వైద్యుణ్ని కలవండి.

అపోహ: అద్దం ముందు మంచి మాటలు వల్లిస్తే ఆత్మవిశ్వాసం పెరుగుతుంది.

వాస్తవం: కెనడాలో మనస్తత్వవేత్త జోయాన్ వుడ్ బృందం 2009లో చూసింది దీనికి భిన్నంగా ఉంది. తమపై తమకు ఇప్పటికే చిన్నచూపు ఉన్నవాళ్లు "నేను ప్రేమించదగిన మనిషిని" అనే మాట వల్లిస్తే ఇంకా దిగాలుపడ్డారు. నోరు ఒకటి అంటుంటే మనసు దానికి ఎదురు సాక్ష్యాలు ఏరుకొస్తుంది.

అపోహ: పాజిటివ్‌గా ఉంటే క్యాన్సర్ కూడా లొంగుతుంది.

వాస్తవం: తల, మెడ క్యాన్సర్ ఉన్న 1,093 మందిపై జరిపి 2007లో ప్రచురించిన పరిశీలనలో, మానసిక స్థితికీ ఎంతకాలం బతికారన్నదానికీ సంబంధం కనబడలేదు. ధైర్యం ఆ రోజులను గడపడానికి తోడవుతుంది, నిజమే. కానీ "అంతా నీ మనసులోనే ఉంది" అని రోగికి చెప్పేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. జబ్బు తిరగబెట్టిన రోజున ఆ మనిషి నొప్పితో పాటు నేరం కూడా మోయాలి.

మరి నమ్మకం మారేదెలా? 1960లలో అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ వేసిన దారి ఇప్పటికీ మాకు ఆధారం. ఆలోచనను తీర్పులా తలకెత్తుకోకుండా, పరీక్షించి చూడదగిన ఊహలా తీసుకోవడం. మీటింగుల ఆయనతో ఒక కాగితం మీద రాయించాను: "మాట్లాడితే నవ్వుతారు. 90 శాతం ఖాయం." ఆయన చేయాల్సింది తర్వాతి మీటింగులో ఒకే ప్రశ్న అడగడం. బట్టీ పట్టకూడదు, తల ఎత్తే అడగాలి.

వారం తర్వాత ఆ కాగితం నాలుగు మడతలతో తిరిగొచ్చింది. కింద ఆయన చేతిరాత: "గొంతు వణికింది. ఎవరూ నవ్వలేదు. పక్కనున్నావిడ, ఇదే నేనూ అడుగుదామనుకున్నా అంది." 90 కొట్టేసి 60 వేశారు. 60 అంటే ఇంకా ఎక్కువే. దాని కింద గీత గీసి, రెండో ప్రయోగం ఏమిటో ఇద్దరం రాసుకున్నాం.